మానేసిందా, మాన్పించారా?

కరోలినా మరీన్ పేరు మన ఇళ్లలో చాలామందికి 2016 ఆగస్టు 19న తెలిసింది. రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. మొదటి గేమ్ సింధు 21-19తో గెలిచింది. తర్వాతి రెండూ 12-21, 15-21తో పోయాయి. పాయింటు వచ్చినప్పుడల్లా స్టేడియం అదిరేలా అరిచే ఆ స్పెయిన్ అమ్మాయి మీద ఆ సాయంత్రం మా వీధి వీధంతా కోపంగా వుంది. "ఆడపిల్ల, ఆ అరుపులేంటి" అన్నవాళ్లూ వున్నారు. గెలవగానే ఆమె కోర్టు మీద పడి ఏడుస్తుంటే సింధు అవతలివైపుకి నడిచివెళ్లి లేవదీసి కౌగిలించుకుంది. కింద పడివున్న రాకెట్‌ని తీసి పక్కన పెట్టింది. మన సింధుని ఓడించిన ఈ మరీనే తర్వాత ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో హైదరాబాద్ హంటర్స్ తరఫున ఆడింది. 2018లో ఆ జట్టు కప్పు గెలిచినప్పుడు అందులో వుంది. అప్పుడా అరుపులకి మనవాళ్లే చప్పట్లు కొట్టారు.

ఈ మరీన్ జీవితకథతోనే నేను కాప్రాలో ఏడుగురు పిల్లలకి స్పానిష్ చదవడం నేర్పుతున్నాను.

కాప్రాలో స్పానిష్ ఏమిటని మీకనిపించవచ్చు. నాకూ అనిపించింది. చెరువు, దాని చుట్టూ పెరిగిన కాలనీలు, ఒక పక్క సైనిక్‌పురిలో రిటైరైన మిలటరీవాళ్ల ఇళ్లు, ఇంకో పక్క ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా ఇది వేరే మున్సిపాలిటీ. ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ "సిటీకి వెళ్లొస్తా" అనే అంటారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కొన్ని స్కూళ్లలో ఫ్రెంచ్, జర్మన్‌లతో పాటు స్పానిష్ కూడా చెబుతున్నారు. తెలుగు తీసుకుంటే మార్కులు రావని, స్పానిష్ తీసుకుంటే అమెరికాలో పనికొస్తుందని తల్లిదండ్రుల లెక్క. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద పీహెచ్‌డీ చేసిన నేను, తెలుగు వదిలేసిన పిల్లలకి స్పానిష్ ట్యూషన్ చెప్పుకుంటూ ఇంటి అద్దె కట్టుకుంటున్నాను. ఓ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ పని కూడా వుంది. గంటకింత అని ఇస్తారు, సెలవుల్లో ఏమీ ఇవ్వరు. ఈ పత్రిక చదివే వాళ్లలో సగంమందికి ఆ జీవితం తెలుసు కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను. స్పానిష్ నాకు తార్నాకలో ఇఫ్లూ పార్ట్‌టైమ్ కోర్సుల్లో అబ్బింది. థీసిస్ రాస్తున్న రోజుల్లో సాయంత్రాలు ఊపిరి పీల్చుకోవడానికి వెళ్లేదాన్ని.

కొత్త భాషలో చదవడం మొదలుపెట్టినవాళ్లకి, తొంభై శాతం అర్థమై పది శాతం మాత్రమే కొత్తగా వుండే పుస్తకం కావాలి. అమెరికాలో స్టీఫెన్ క్రాషెన్ అనే ఆయన 1980ల నుంచీ ఈ మాటే చెబుతూ వచ్చాడు: భాష వ్యాకరణ సూత్రాలు బట్టీపట్టడం వల్ల రాదు, అర్థమయ్యే సంగతులు ఎక్కువగా వినడం వల్ల, చదవడం వల్ల వస్తుందని. అందుకే అక్కడి స్పానిష్ క్లాసుల్లో రెండు మూడు వందల మాటలతోనే నడిచే చిన్న చిన్న పుస్తకాలు వాడతారు. వాటిలో ఆటగాళ్ల జీవితకథలకి గిరాకీ ఎక్కువ. కారణం తేలికే. పుట్టాడు, ఆడాడు, ఓడాడు, మళ్లీ ఆడాడు, గెలిచాడు. క్రియలన్నీ వరసగా వస్తాయి. కథ ముందే తెలుసు కాబట్టి తెలియని మాట దగ్గర పిల్లలు భయపడి ఆగిపోరు.

నాకు దొరికినవన్నీ ఫుట్‌బాల్ అబ్బాయిల కథలు. అవి బాగానే వున్నాయి. కానీ నా ఏడుగురిలో అయిదుగురు ఆడపిల్లలు. అందుకని మరీన్ గురించి నేనే నాలుగు పేజీలు రాసుకున్నాను. 1993లో స్పెయిన్ దక్షిణాన వెల్వా అనే ఊళ్లో పుట్టడం, చిన్నప్పుడు ఫ్లమెంకో నాట్యం నేర్చుకోవడం, ఎనిమిదేళ్ల వయసులో షటిల్ రాకెట్ పట్టుకోవడం, పద్నాలుగేళ్లకి అమ్మానాన్నల్ని వదిలి శిక్షణ కోసం మాడ్రిడ్ వెళ్లడం, 2014, 2015, 2018లలో ప్రపంచ ఛాంపియన్ కావడం, రెండు మోకాళ్లకీ దెబ్బలు, 2024 పారిస్ సెమీఫైనల్లో గెలుపు దగ్గర్లో వుండగా మళ్లీ మోకాలు తిరగబడటం. మన పిల్లలకి సగం కథ తెలుసు. 2015 ఫైనల్లో ఆమె ఓడించింది సైనాని, 2018లో సింధుని.

మొదటి పేజీలో పేరు రాయలేదు. స్పానిష్‌లో, మన తెలుగులో లాగానే, కర్త లేకుండా వాక్యం నడుస్తుంది. "నాసియో" అంటే చాలు, పుట్టడం అయిపోయింది. ఎవరు పుట్టారో క్రియే చెబుతుంది, కానీ ఆడో మగో చెప్పదు. వెల్వాలో పుట్టిన మనిషి, పద్నాలుగేళ్లకి మాడ్రిడ్ వెళ్లిన మనిషి, రోజూ గంటల తరబడి సాధన చేసిన మనిషి, గెలిచిన మనిషి. దీన్ని తెలుగులో చెప్పమన్నాను. ఏడుగురూ, ఆడపిల్లలతో సహా, పుట్టాడు, వెళ్లాడు, గెలిచాడు అనే చెప్పారు. పేజీ చివరి వాక్యంలో ఆ మనిషి అలసిపోయి వుందని వస్తుంది. అలసిపోయినవాడు "కాన్సాదో", అలసిపోయినది "కాన్సాదా". అక్కడ "కాన్సాదా" అని వుంది. ఓ అమ్మాయి వేలు పెట్టి చూపించి, "మేడమ్, ఇక్కడ ప్రింటింగ్ మిస్టేక్ వుంది" అంది.

ఆ తర్వాత గదిలో అయిదు నిమిషాలు గోల. అబ్బాయిలిద్దరూ నేను మోసం చేశానన్నారు. ఆడపిల్లలు ఏమీ అనకుండా వెనక్కి వెళ్లి ఒక్కో "డు" కొట్టేసి "ది" రాసుకుంటూ వచ్చారు. పుట్టింది, వెళ్లింది, గెలిచింది.

అక్కడే ఇంకో చిక్కు మొదలైంది. రెండో పేజీలో రియో ఫైనల్. షటిల్ కింద పడింది. మరీన్ కింద పడింది. రాకెట్ కింద పడింది. స్పానిష్‌లో మూడింటికీ ఒకే క్రియ కాబట్టి తెలుగులోనూ మూడుసార్లూ "పడింది" అనే వచ్చింది. కుషాయిగూడ నుంచి వచ్చే పిల్ల అడిగింది: "అబ్బాయైతే పడ్డాడు అంటాం కదా మేడమ్, మరి అమ్మాయికీ షటిల్‌కీ ఒకటేనా?"

ఒకటే. ఇది మీకు నేను కొత్తగా చెప్పేది కాదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మగవాళ్లని మహత్తులన్నాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణంలేని వస్తువులు, ఇవి తప్ప మిగిలినవి మహత్తులని నిర్వచనం. బహువచనంలో మాత్రం స్త్రీలు మనుషుల లెక్కలోకి వస్తారు, వాళ్లకి మహతీవాచకాలని ఇంకో పేరు. ఎమ్మేలో ఇది చదువుకున్నాం, పరీక్ష రాశాం, వదిలేశాం. తమిళంలో, కన్నడంలో స్త్రీకి వేరే క్రియారూపం వుంది. మనకి లేదు. ఒక్క ఆడమనిషి వస్తే "వచ్చింది", బస్సు వస్తే "వచ్చింది". ఇద్దరు ఆడవాళ్లు వస్తే "వచ్చారు". ఒక్కతే వున్నప్పుడు "వచ్చారు" అనిపించుకోవాలంటే ఆమెకి వయసో హోదావో వుండాలి. కొన్ని ఇళ్లల్లో నాన్నగారు "వచ్చారు", అమ్మ "వచ్చింది". ప్రేమ వల్ల అలా అంటామని సమర్థించుకుంటాం. ప్రేమ వుంటే వుండచ్చు గానీ, ఆ ప్రేమ అమ్మ దగ్గరే ఎందుకు ఏకవచనంలో వుంటుందో ఎవరైనా చెప్పాలి.

అయితే స్పానిష్ మన కంటే గొప్పదేమీ కాదని పిల్లలకి ఆ వారమే తెలిసింది. ఆడే అమ్మాయి "హుగాదోరా", అమ్మాయిలు "హుగాదోరాస్". నూరుమంది అమ్మాయిల మధ్యలోకి ఒక్క అబ్బాయి వచ్చాడనుకోండి, అందరూ కలిసి "హుగాదోరెస్" అయిపోతారు, అంటే మగ ఆటగాళ్లు. మా క్లాసులో అయిదుగురు అమ్మాయిలూ ఇద్దరబ్బాయిలూ కలిస్తే పుంలింగమే. ఆ రోజు అబ్బాయిలు చాలా సంతోషించారు. తెలుగు ఒంటరి ఆడదాన్ని వస్తువుల పక్కన పెడుతుంది, స్పానిష్ గుంపులో వున్న ఆడదాన్ని మాయం చేస్తుంది. ఈ పుంలింగమే అందరికీ సరిపోతుందని స్పానిష్ రాయల్ అకాడమీ 2020లో కూడా మరోసారి నివేదిక రాసి మరీ చెప్పింది. 1713లో పెట్టిన ఆ అకాడమీలో ఓ స్త్రీ కుర్చీలో కూర్చోడానికి 1979 దాకా పట్టింది. ఆమె కవయిత్రి కార్మెన్ కోందె. అంతకుముందు 1972లో మరియా మొలినేర్ అనే లైబ్రేరియన్‌ని కాదన్నారు. ఇంట్లో కూర్చుని, ఏళ్ల తరబడి కార్డుల మీద రాసుకుంటూ, రెండు పెద్ద సంపుటాల స్పానిష్ వాడుక నిఘంటువుని ఒంటి చేత్తో తయారుచేసిన మనిషి. ఈ సంగతి సిలబస్‌లో లేదు, నేను చెప్పాను. పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. ఆ నిఘంటువు ఎన్ని కిలోలుంటుందని మాత్రం అడిగారు.

సులభ జీవితకథల మీద నాకు కొన్ని అనుమానాలు వున్నాయి. వాక్యం ఎంత చిన్నదైతే అందులోంచి అంత జారిపోతుంది. "కష్టపడింది, గెలిచింది" అన్న రెండు క్రియల మధ్య డబ్బు, ఊరు, కులం, తల్లి చాకిరీ ఏదీ పట్టదు. మరీన్ కథ అయ్యాక సింధు కథని పిల్లలే స్పానిష్‌లో రాశారు. సింధు మొదట షటిల్ నేర్చుకుంది ఇక్కడే, సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ కోర్టుల్లో, కాబట్టి వాళ్లకది పక్కింటి కథ. ఏడు కాగితాల్లోనూ నాన్న రమణ వాలీబాల్ ఆడాడని వుంది, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టులో వున్నాడని వుంది. అమ్మ విజయ కూడా వాలీబాల్ ఆడిందని రెండు కాగితాల్లోనే వుంది. ఏడింట్లోనూ వున్న ఇంకో సంగతి, రియోకి ముందు మూడు నెలలు కోచ్ ఆమె ఫోన్ తీసేసుకున్నాడన్నది. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది, ఫోను విషయం కదా. ఇరవై ఒక్కేళ్ల మనిషి చేతిలోంచి ఫోన్ తీసుకోవడం మనకి ముద్దుగా, క్రమశిక్షణగా ఎందుకు కనిపిస్తుంది? ఓ మగ క్రికెటర్ గురించి ఇదే చెబితే అంత ముచ్చటగా చెప్పుకుంటామా అని అడిగాను. "కోహ్లి ఫోన్ ఎవరు తీసుకుంటారు మేడమ్" అన్నాడో అబ్బాయి. నిజంగా అడిగాడో, జవాబు చెప్పాడో నాకు తెలియలేదు.

ఏ ఒక్క కాగితంలోనూ లేనిది ఇంకోటి వుంది. ఆ 2016 ఆగస్టులో, సింధు ఆడుతున్న రోజుల్లో, మన రెండు రాష్ట్రాల నుంచి ఇంటర్నెట్‌లో ఆమె కులమేమిటని తెగ వెతికారని పేపర్లలో వచ్చింది. పతకం మెడలో పడే లోపు కులం లెక్క తేల్చుకోవాలనుకున్నాం. దాన్ని మూడు వందల మాటల స్పానిష్‌లో ఎలా రాయాలో నాకు తెలియదు. కులానికి వాళ్ల దగ్గర మాట వుంది, "కాస్తా". ఇంగ్లీషువాళ్ల "కాస్ట్" కూడా స్పానిష్, పోర్చుగీసుల నుంచి వెళ్లిందే. మాట వుంది కానీ ఆ వాక్యం పిల్లల చేత రాయించడానికి నాకు ఇంకా ధైర్యం చాల్లేదు. పై తరగతికి వచ్చాక రాయిస్తాను.

అసలు నేను ఇది రాయడానికి కూర్చున్నది ఆ తర్వాత ఇచ్చిన హోంవర్కు వల్ల. ఛాంపియన్లు చాలు, మీ ఇంట్లో ఒకప్పుడు ఏదో ఒక ఆట ఆడిన ఆడమనిషి గురించి పది వాక్యాలు రాసుకురండి అన్నాను. అమ్మో, అత్తో, అమ్మమ్మో. "మా ఇంట్లో ఎవరూ ఆడలేదు" అని నలుగురు వెంటనే అన్నారు. ఇంటికెళ్లి అడగండన్నాను. తర్వాతి ఆదివారానికి ఏడుగురికీ ఒక్కొక్కరు దొరికారు. ఖోఖో, కబడ్డీ, త్రోబాల్, వంద మీటర్ల పరుగు. ఒకబ్బాయి నాయనమ్మ వూళ్లో చెరువు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి ఈదేదట. అది ఆట కాదేమోనని వాడికి సందేహం.

కాగితాలు దిద్దుతుంటే ఒకటి కనిపించింది. స్పానిష్‌లో భూతకాలాలు రెండు. ఒక్కసారి జరిగి అయిపోయిన పనికి ఒకటి, "హుగో", అంటే ఆడింది. అలవాటుగా సాగిన పనికి ఇంకొకటి, "హుగాబా", అంటే ఆడేది. పిల్లలకి ఈ తేడా నేర్పడం మామూలుగా నరకం. ఇంగ్లీషు మీడియం పిల్లలకి మరీను. తెలుగులో చెబితే మాత్రం అరనిమిషంలో అర్థమవుతుంది, ఎందుకంటే ఆ తేడా మన దగ్గర చక్కగా వుంది. మరీన్ కథంతా మొదటి కాలంలో వుంది: వెళ్లింది, ఓడింది, గెలిచింది. మా అమ్మల కథలన్నీ రెండో కాలంలో వచ్చాయి. ఆడేది. పరిగెత్తేది. ఈదేది. బాగా ఆడేదట. అందరికంటే ముందుండేదట. ఆ "ఏది"ల వరస చివర ఒకే ఒక్క ముగిసిన క్రియ. ఏడు కాగితాల్లో ఆరింట్లో అదే: "దెహో దె హుగార్". ఆడటం మానేసింది.

మానేసింది అంటే తనే మానేసినట్టు. నేను ఆ క్రియ కింద గీత గీసి, బోర్డు మీద ఇంకో వాక్యం రాశాను. "నో లా దెహారోన్ హుగార్." ఆమెని ఆడనివ్వలేదు. తమాషా ఏమిటంటే రెండు వాక్యాల్లోనూ క్రియ ఒకటే, "దెహార్". ఒక రకంగా వాడితే మానెయ్యడం, ఇంకో రకంగా వాడితే ఆడనివ్వడం. మధ్యలో ఓ చిన్న మాట మారితే మానేసిన మనిషి కాస్తా మాన్పించబడిన మనిషి అవుతుంది. తెలుగులో మనకి ఈ రెండూ కాక మూడోది కూడా వుంది. థీసిస్ కోసం ఆత్మకథలు చదివినప్పుడూ, పెద్దవాళ్లతో మాట్లాడినప్పుడూ నేను ఎక్కువగా విన్నది ఆ మూడోదే: "ఆగిపోయింది." పెళ్లయింది, చదువు ఆగిపోయింది. పాపాయి పుట్టింది, పాట ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. గడియారం ఆగిపోయినట్టు ఆగిపోయింది.

ఈ మూడింట్లో ఏదో ఇంటికెళ్లి అడిగి రండి అన్నాను. పదోతరగతికి దగ్గర పడుతున్న పిల్లలకి ఇదేం హోంవర్కు అని ఓ తండ్రి ఫోన్ చేశాడు. పరీక్షలో భూతకాలాలు తప్పకుండా వస్తాయని చెప్పాను. అది అబద్ధం కాదు.

ముగ్గురు "మానేసింది" అనే తిరిగొచ్చారు. చదువు మీద శ్రద్ధ పెట్టాలని తనే మానేసిందని ఒకామె, మోకాలి దెబ్బ వల్లనని ఒకామె. నమ్మకపోవడానికి నాకేం హక్కు లేదు, అలాగే వుంచాను. చెరువు ఈదిన నాయనమ్మ "మానెయ్యలేదు, చెరువే పోయింది, ప్లాట్లు వేశారు" అందట. ఆ వాక్యం రాయడానికి వాడికి నాలుగు కొత్త మాటలు కావాల్సి వచ్చాయి.

కుషాయిగూడ పిల్ల తల్లిది జనగామ దగ్గర వూరు. స్కూల్లో కబడ్డీ ఆడేది. పదో తరగతిలో మానేసిందని పిల్ల మొదట రాసింది. ఇప్పుడు "నో లా దెహారోన్ హుగార్" అని మార్చి తెచ్చింది. ఆ ఆదివారం తల్లి కూడా వచ్చింది, ఫీజు ఇవ్వడానికి. నేను కాగితం తెలుగులో చదివి వినిపించాను.

"పది కాదు మేడమ్, తొమ్మిదిల్నే" అందామె. "జిల్లా టీముల పేరొచ్చినంక."

"అమ్మా, మాన్పించారు అన్నావు కదా, ఎవరెవరు?" అని పిల్ల అడిగింది. దానికి వ్యాకరణం కావాలి. స్పానిష్‌లో ఆ బహువచనం ఎవరి పేరూ చెప్పకుండా తప్పించుకోవడానికి పనికొస్తుందని అంతకుముందే చెప్పివున్నాను.

"ఎవరెవరేంది. మా పెద్దన్న ఒక్కడే. నాయిన పొమ్మన్నడు. అన్న వద్దన్నడు. నిక్కర్లేసుకొని ఆడుడేంది అన్నడు." ఆమె నవ్వుతూనే చెప్పింది. బ్యాగులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టి ఇచ్చింది, మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకోమంది.

పిల్ల కాగితం తీసుకుని రబ్బరుతో బహువచనం చెరిపేసింది. ఏకవచనం రాసింది, ముందు కర్తని పెట్టింది. "మి తీయో నో లా దెహో హుగార్." మా మామయ్య ఆమెని ఆడనివ్వలేదు. "దెహో" మళ్లీ వచ్చింది, ఈసారి వేరే మనిషి పనికి.

"ఇది ఇంట్లో గోడకి అతికించమన్నారు కదా మేడమ్" అంది. అందరినీ అలాగే అతికించమన్నాను, నిజమే. ప్రతి ఆదివారం దాన్ని స్కూటర్ మీద దింపి, గంటన్నర గేటు బయట చెట్టుకింద పేపరు చదువుకుంటూ కూర్చుని తిరిగి తీసుకెళ్లేది ఆ పెద్దమామయ్యే. ఫీజులో సగం ఇచ్చేది కూడా ఆయనేనని తల్లి ఇంతకుముందోసారి చెప్పింది. నీ ఇష్టం అన్నాను.

"అతికిస్తా" అంది పిల్ల, తల్లి వైపు చూసి. "మామయ్యకి స్పానిష్ రాదు కదా."

"చదివి చెప్పమంటడు" అంది తల్లి.